బడిపంతులు తీర్చిదిద్దిన పోలీసు జట్టు
(సయ్యద్ అబ్దుల్ రహీం గారి జీవితం - ఒక పునర్విచారణ)

మన సంఘం ఉత్సవ సంచికలలో మహనీయుల జీవితాలను ప్రచురించడం ఆనవాయితీగా వస్తున్నది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు, గురజాడ అప్పారావు గారు, గిడుగు రామమూర్తి గారు, పొట్టి శ్రీరాములు గారు - ఈ పేర్లు మలేషియాలో పుట్టి పెరిగిన మన పిల్లలకు కూడా ఎంతో కొంత తెలుసు. కాని ఆటల మైదానం నుంచి ఒక పేరు చెప్పమంటే పిల్లలు మాత్రమే కాదు, పెద్దలు కూడా తడుముకుంటారు. సర్కస్ వీరుడు కోడి రామమూర్తి నాయుడు గారి పేరో, క్రికెట్ వీరుడు సి.కె. నాయుడు గారి పేరో చెప్పి ఊరుకుంటారు. ఫుట్‌బాల్‌ను ప్రాణంగా చూసుకునే దేశంలో బ్రతుకుతూ, మన పూర్వుల నేల నుంచి వచ్చిన గొప్ప ఫుట్‌బాల్ గురువు ఎవరో మనకు తెలియకపోవడం విచారించవలసిన విషయం. అందుకే ఈ ఏడు మేము సయ్యద్ అబ్దుల్ రహీం గారిని గురించి వ్రాయడానికి పూనుకున్నాము.

రహీం గారి మాతృభాష తెలుగు కాదు. ఆయన హైదరాబాదు ఉర్దూ కుటుంబంలో పుట్టినవారు. మరి తెలుగు సంఘం సంచికలో ఆయన కేమి పని అని కొందరు అడగవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు ఈ వ్యాసం చివర చెప్పుకుందాము. ముందుగా ఆయన జీవితం చూద్దాము.

జననం, చదువు, ఉద్యోగం

రహీం గారు 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. అప్పటికి అది నిజాం పరిపాలనలో ఉన్న సంస్థానం. ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. 1918లో స్థాపించబడిన ఆ విశ్వవిద్యాలయంలో అప్పట్లో ఉర్దూలోనే బోధన జరిగేది. చదువుకునే రోజులలోనే ఆయన విశ్వవిద్యాలయం జట్టులో ఫుట్‌బాల్ ఆడి పేరు తెచ్చుకున్నారు. తరువాత నగరంలోని స్థానిక పోటీలలో కూడా ఆడారు.

చదువు ముగిసిన తరువాత ఆయన ఎన్నుకున్న వృత్తి ఉపాధ్యాయ వృత్తి. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు - ఈ పాఠశాలలలో ఆయన పనిచేశారు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, తాను పనిచేసిన బడులలో ఆటపాటల బాధ్యత తీసుకున్నారు. ఆయనను అందరూ రహీం సాబ్ అని గౌరవంగా పిలిచేవారు. దేశానికి కోచ్ అయిన తరువాత కూడా ఆయన నడవడిలో, మాటలో బడిపంతులే కనిపించేవారని ఆయన శిష్యులు పలుమార్లు చెప్పుకున్నారు.

ఈ విషయాన్ని మేము ప్రత్యేకించి చెప్పడానికి కారణం ఉన్నది. మేము కూడా బడిపంతులమే. నలభై మంది పిల్లలున్న తరగతిలో అయిదుగురు చురుకైనవారికి పాఠం చెప్పడం గొప్ప కాదు. మిగిలిన ముప్పై అయిదుగురిని ముందుకు నడిపించడమే వృత్తికి పరీక్ష. రహీం గారు మైదానంలో చేసినదంతా ఈ దృష్టితో చూస్తేనే సరిగా అర్థమవుతుంది.

సిటీ పోలీసు జట్టు

1940లలో రహీం గారు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆ కాలంలోనే హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత కూడా ఆయన చేతికి వచ్చింది. ఆయన పోలీసు కాదు, బడిపంతులు. అయినా పోలీసు జట్టును ఆయన చేతిలో పెట్టారు. చనిపోయే వరకు ఆ జట్టుతో ఆయన అనుబంధం తెగలేదు.

సాధారణంగా ఈ కథ చెప్పేవారు ఏమీ లేని చోట రహీం గారు ఒక్కరే అన్నీ నిర్మించినట్టు చెబుతారు. ఇది పూర్తిగా నిజం కాదు. గురువును పొగడడానికి ఆయనకు ముందున్నవారిని మరచిపోవడం ధర్మం కాదు. హైదరాబాదులో ఆటలకు, వ్యాయామ విద్యకు గట్టి పునాది వేసినవారిలో ఎస్.ఎం. హాదీ గారు ముఖ్యులు. ఆయన 1924 ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడినవారు, రంజీ ట్రోఫీ క్రికెట్‌లో మొట్టమొదటి సెంచరీ చేసినవారు. అనేక ఆటలలో ఆరితేరినందువల్ల ఆయనకు ఇంద్రధనుస్సు హాదీ అని పేరు వచ్చింది. పోలీసు జట్టుకు నోర్బర్ట్ ఆండ్రూ ఫ్రూవాల్ అనే కోచ్ కూడా ఉండేవారు. 1943లో బెంగళూరులో జరిగిన యాష్ గోల్డ్ కప్పులో సిటీ పోలీసు జట్టు రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించింది. ఆ ఓడిన జట్టులో ఇంగ్లండుకు చెందిన ప్రసిద్ధ ఆటగాడు డెనిస్ కాంప్టన్ ఆడారు. కనుక రహీం గారికి దక్కినది బీడు భూమి కాదు, దున్నిన పొలం. అందులో ఏ పంట వేయాలో, ఎలా కాపాడాలో తెలిసిన రైతు ఆయన. ఇలా చెప్పడం వల్ల ఆయన గొప్పదనం తగ్గదు.

ఆ రోజులు ఎటువంటివో కూడా గుర్తు చేసుకోవాలి. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించి హైదరాబాదు సంస్థానాన్ని భారత యూనియన్‌లో చేర్చింది. నగరంలో భయం, అనుమానం నిండి ఉన్నాయి. ఎందరి ఉద్యోగాలో పోయాయి, ఎన్ని కుటుంబాలో చెదిరిపోయాయి. నిన్నటి దాకా నిజాం ప్రభుత్వ ఉద్యోగులైన పోలీసులు నేడు కొత్త ప్రభుత్వం క్రింద పనిచేయవలసి వచ్చింది. సరిగా రెండేళ్ళకు, 1950లో, ఆ పోలీసు జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు గెలిచింది. అదే సంవత్సరం ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు కూడా గెలిచింది. ఓడిపోయిన సంస్థానం నుంచి వచ్చినవారు తల ఎత్తుకొని తిరిగి వెళ్ళారు. ఒక కప్పు ఒక ఊరికి ఎంత ధైర్యం ఇవ్వగలదో వలస వచ్చిన కుటుంబాల వారమైన మనకు వేరే చెప్పనక్కరలేదు.

తరువాత జరిగినది భారత ఫుట్‌బాల్ చరిత్రలో చిరస్థాయిగా నిలిచింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు సంవత్సరాలు రోవర్స్ కప్పు సిటీ పోలీసు జట్టుదే. 1954లో డ్యూరాండ్ కప్పు కూడా వారికే దక్కింది. కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ వంటి మహా సంఘాలు, వాటి వెనుక లక్షల మంది అభిమానులు ఉన్న కాలమది. హైదరాబాదు జట్టు వెనుక ఉన్నది ఒక ప్రభుత్వ శాఖ, ఒక బడిపంతులు.

ఆయన బోధన పద్ధతి

రహీం గారి విజయరహస్యం ఏమిటి? ఆయన పెట్టిన కొన్ని చిన్న పోటీలను చూస్తే చాలు, సంగతి తెలుస్తుంది.

మొదటిది, బంతిని కాలి దగ్గరే ఉంచుకొని ఒక్కడే తీసుకుపోవడం నిషేధించిన పోటీ. బంతి అందగానే తోటివాడికి అందించాలి. ఆ కాలంలో భారతదేశంలో ప్రేక్షకులకు నచ్చినది ఒక్కడే ముగ్గురు నలుగురిని తప్పించుకొని పోయే ఆట. రహీం గారు ఆ మెప్పును పక్కన పెట్టారు. బంతి పరుగెత్తాలి కాని మనిషి ఊరకే అలసిపోకూడదని ఆయన సిద్ధాంతం.

రెండవది, బలహీనమైన కాలితో మాత్రమే ఆడే పోటీ. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో ఆడాలి. మొదట్లో పిల్లలు తడబడతారు, పడతారు, నవ్వులపాలవుతారు. కొన్నాళ్ళకు రెండు కాళ్ళూ దారికి వస్తాయి. చేతిరాత బాగాలేని పిల్లవాడిచేత రోజూ ఒక పేజీ వ్రాయించే పంతులుగారి పద్ధతి ఇదే కదా! మేము పనిచేసిన రోజులలో మా బడి పిల్లలచేత ఈ రెండు ఆటలూ ఆడించి చూశాము. బంతి తనకు ఎప్పుడూ రాదని గట్టుమీద కూర్చునే పిల్లవాడు కూడా ఆ ఆటలో చెమటోడ్చి పరుగెత్తాడు.

మూడవది, ఆటగాళ్ళ అమరికలో మార్పులు. భారతదేశంలో అప్పటికి వెనుక ఇద్దరు, మధ్య ముగ్గురు, ముందు అయిదుగురు నిలిచే పాత పద్ధతే చాలా చోట్ల నడుస్తున్నది. వెనుక మూడవ ఆటగాడిని నిలపడం, ముందు నిలిచే ఆటగాడిని కొంచెం వెనక్కి దించి ఎదుటివారిని తికమక పెట్టడం వంటి కొత్త ఆలోచనలను రహీం గారు ఆచరణలో పెట్టారు. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ జట్టు 4-2-4 అమరికతో లోకప్రసిద్ధి పొందింది. ఆ తరహా ఆటను మన దేశంలో ముందుగా తెచ్చినవారిలో రహీం గారు ఒకరు. చదవడం, గమనించడం, తెలుసుకున్నదానిని తన పిల్లల శక్తికి తగినట్టు మార్చి చెప్పడం - ఇవి మంచి ఉపాధ్యాయుని లక్షణాలు.

దేశానికి కోచ్

1950 నుంచి రహీం గారు భారత జట్టుకు కూడా శిక్షణ ఇచ్చారు. 1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడలలో భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణపతకం గెలిచింది. ఆ ఒక్క గోలు సాహు మేవాలాల్ చేశారు.

మరుసటి సంవత్సరమే పెద్ద దెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత జట్టు 10-1తో చిత్తుగా ఓడింది. మన ఆటగాళ్ళలో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండానే ఆడారు. ఆ ఓటమి తరువాతనే భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఇటువంటి ఓటమి తరువాత పదవి వదలి ఇంటికి పోయేవారు ఎందరో ఉంటారు. రహీం గారు ఆ ఓటమిని పాఠ్యపుస్తకంగా చేసుకున్నారు.

నాలుగేళ్ళకు, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో, ఆ కష్టానికి ఫలితం కనిపించింది. ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను భారత జట్టు 4-2తో ఓడించింది. ఆ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోలులు చేశారు. ఒలింపిక్స్‌లో ఒకే ఆటలో మూడు గోలులు చేసిన మొదటి ఆసియా ఆటగాడు ఆయనే. సెమీఫైనలుకు చేరిన మొదటి ఆసియా జట్టు కూడా మనదే. ఆ సెమీఫైనలులో మళ్ళీ యుగోస్లావియాయే ఎదురయింది. ముందు గోలు చేసినది మనవారే. చివరికి 4-1తో ఓడిపోయారు. కాంస్యపతకం కోసం బల్గేరియాతో ఆడి 3-0తో ఓడి నాలుగవ స్థానంలో నిలిచారు. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, తులసీదాస్ బలరాం వంటి హైదరాబాదు బిడ్డలు ఉన్నారు. ఆ నగరం మైదానాలలో తయారైన ఆట ఒలింపిక్స్ దాకా వెళ్ళింది.

మన దేశానికి సంబంధించిన సంగతి ఒకటి చెప్పాలి. 1957లో టుంకు అబ్దుల్ రహమాన్ గారి చొరవతో కౌలాలంపూరులో మెర్డెకా పోటీలు మొదలయ్యాయి. 1959లో రహీం గారి శిక్షణలో వచ్చిన భారత జట్టు ఆ పోటీలలో రెండవ స్థానం పొందింది. మొదటి స్థానం మలయా జట్టుది. మా చిన్నతనంలో పెరాక్ కొబ్బరి తోటల పెద్దలు ఆ పోటీల కబుర్లు చెప్పుకుంటుంటే విన్నాము. ఏ జట్టు గెలవాలని కోరుకున్నారని అడిగితే వారు నవ్వి ఊరుకునేవారు. పుట్టిన గడ్డ ఒకటి, పూర్వుల గడ్డ ఒకటి ఎదురెదురుగా నిలిచినప్పుడు ఆ నవ్వే సరైన జవాబని ఇప్పుడు మాకు తోస్తున్నది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత జట్టు మహాబలమైన హంగేరీతో 2-1తో మాత్రమే ఓడింది, ఫ్రాన్సుతో 1-1తో సమానంగా నిలిచింది, పెరూతో 3-1తో ఓడింది. హంగేరీ మీద, పెరూ మీద గోలులు చేసినది సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టిన బలరాం గారే. ఫ్రాన్సు మీద గోలు చేసినది నాయకుడు పి.కె. బెనర్జీ. ఆ జట్టులో రహీం గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా సభ్యుడు.

జకార్తా విజయం

రహీం గారి జీవితంలో చివరి ఘట్టం 1962 జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఆయన శరీరంలో ఊపిరితిత్తుల క్యాన్సరు ప్రవేశించి ఉన్నది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత థాయిలాండును 4-1తోను, జపానును 2-0తోను ఓడించారు. థాయిలాండు ఆటలో జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. సెమీఫైనలులో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించి ఫైనలుకు చేరారు. ఎదుట మళ్ళీ దక్షిణ కొరియా.

మైదానం బయట పరిస్థితి ఇంకా కష్టంగా ఉన్నది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాల ఆటగాళ్ళను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి గురుదత్ సోంధీ గారు తప్పుపట్టారు. దానివల్ల జకార్తా ప్రజలకు భారతీయుల మీద ఆగ్రహం కలిగింది. సెప్టెంబరు 4వ తేదీన దాదాపు లక్షమంది నిండిన సెనాయన్ మైదానంలో భారత జట్టుకు వ్యతిరేకంగా కేకలు మారుమ్రోగాయి.

అటువంటి సమయంలో రహీం గారు తీసుకున్న నిర్ణయాలు సాహసంతో కూడినవి. రక్షణలో ఆడే జర్నైల్ సింగ్‌ను తల కుట్లతోనే ముందు వరుసలో ఆడించారు. జ్వరం నుంచి తేరుకున్న పీటర్ తంగరాజ్‌కు గోలు రక్షణ అప్పగించారు. ఆట మొదలైన ఇరవై నిమిషాలలోపే పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు చేశారు. కొరియా ఆట చివరిలో ఒక్కటి తిరిగి ఇవ్వగలిగింది. 2-1తో స్వర్ణపతకం భారతదేశానిది. నాయకుడు చునీ గోస్వామి. కాంస్యపతకం మన మలయా జట్టుకు దక్కిందని కూడా ఇక్కడ గుర్తుచేయడం మాకు సంతోషం.

ఆ విజయం తరువాత రహీం గారు ఎక్కువ కాలం బ్రతకలేదు. 1963 జూన్ 11వ తేదీన హైదరాబాదులో పరమపదించారు. అప్పటికి ఆయనకు యాభైనాలుగేళ్ళు కూడా నిండలేదు.

ఆయన పనిని ఎలా తూచాలి?

2024లో హిందీలో వచ్చిన మైదాన్ సినిమా వల్ల ఆయన పేరు మళ్ళీ వినిపించింది. ఇది మెచ్చుకోవలసిన విషయం. కాని ఆ సినిమా ముఖ్యంగా భారత జట్టు కథ. రెండు దశాబ్దాలపాటు ఆయన రోజూ పనిచేసిన సిటీ పోలీసు జట్టు కథ వెనుకబడిపోయింది. దేశపు జట్టుతో కోచ్ గడిపేది సంవత్సరానికి కొన్ని వారాలు. మిగిలిన నెలలన్నీ ఆయన హైదరాబాదు మైదానాలలోనే ఉన్నారు. దేశపు జట్టు పరీక్ష అయితే, పోలీసు జట్టు తరగతి గది. పరీక్షలో వచ్చిన మార్కులు అందరూ చూస్తారు, తరగతి గదిని చూసేవారు తక్కువ.

ఆ తరగతి గదిని గురించి కూడా వరుసగా గెలిచిన అయిదు రోవర్స్ కప్పులే అందరూ చెబుతారు. మా అభిప్రాయంలో అంతకన్నా గొప్ప సంవత్సరం 1957. ఎందుకంటే అప్పటికి హైదరాబాదు ఆటగాళ్ళకు కలకత్తా సంఘాల నుంచి పిలుపులు వస్తున్నాయి. లతీఫ్ మహమ్మడన్ స్పోర్టింగ్‌కు వెళ్ళారు. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. తన చేతిలో పెరిగిన మొక్కలు ఒక్కొక్కటే వేరే తోటకు పోతుంటే ఏ జట్టయినా కూలిపోవాలి. అయినా ఆ సంవత్సరం సిటీ పోలీసు జట్టు రోవర్స్ కప్పునూ డ్యూరాండ్ కప్పునూ కూడా గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57లోను, మళ్ళీ 1957-58లోను గెలిచింది. తారలు పోయినా జట్టు నిలిచింది. గురువు పెట్టుబడి మనిషి మీద కాక పద్ధతి మీద పెట్టినదనడానికి ఇంతకన్నా రుజువు ఏమి కావాలి?

ఆయన ఓటములను కూడా దాచనక్కరలేదు. 1952లోను, 1956లోను డ్యూరాండ్ ఫైనలులో ఈస్ట్ బెంగాల్ చేతిలో సిటీ పోలీసు జట్టు ఓడింది. ఎప్పుడూ గెలిచే జట్టు అని చెప్పడం పిల్లలకు తప్పుడు పాఠం. ఓడిన మరుసటి ఏడు మళ్ళీ మైదానానికి వచ్చిన జట్టు అని చెప్పడం సరైన పాఠం.

ఆయన మీద ఒక విమర్శ ఉన్నది. దేశపు జట్టులో తన ఊరివారికి ఎక్కువ చోటు ఇచ్చారని కొందరు అన్నారు. 1956 జట్టును మాత్రమే చూస్తే అలా అనిపించవచ్చు. అప్పటికి దేశంలో బాగా ఆడుతున్నవారు హైదరాబాదువారు కావడమే దానికి కారణమని ఆ తరువాతి సంతోష్ ట్రోఫీ ఫలితాలే చెబుతున్నాయి. పైగా 1962 జట్టులో బెంగాలీ చునీ గోస్వామి నాయకుడు, గోలులు చేసినవారు ఒక బెంగాల్ సంఘపు ఆటగాడు, ఒక పంజాబు బిడ్డ. వారితో కలిసి హైదరాబాదు యూసుఫ్ ఖాన్, బలరాం నడిచారు. పక్షపాతం ఉన్నవారి చేతిలో ఇటువంటి కలయిక సాధ్యం కాదు.

ఇంకొక విమర్శ ఇంతకన్నా బరువైనది. దానిని మేము కొట్టివేయలేము. రహీం గారు సంఘానికి కార్యదర్శి, జట్టుకు కోచ్, పిల్లలకు పంతులు - అన్నీ తామే. జట్టు కూడా ఒకే ప్రభుత్వ శాఖ నీడలో ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత అది ఆంధ్ర పోలీసు జట్టు అయి, 1960లో రోవర్స్ కప్పు, 1961లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. ఆయన చనిపోయిన 1963లో కూడా రోవర్స్ కప్పు గెలిచి, డ్యూరాండ్ ఫైనలు దాకా వెళ్ళింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరువాత దీపం క్రమంగా సన్నగిల్లింది. ఆయన తరువాత ఆ బాధ్యతలన్నిటినీ పంచుకొని నడిపే వ్యవస్థ అక్కడ నిలబడలేదు. కలకత్తాకు పోయే ఆటగాళ్ళను ఆపే ధనమూ లేదు. భారత జట్టు కూడా 1962 తరువాత ఆసియా క్రీడలలో మళ్ళీ స్వర్ణం చూడలేదు. 1970లో హైదరాబాదు బిడ్డ నయీముద్దీన్ నాయకత్వంలో వచ్చిన కాంస్యమే చివరి పతకం.

ఈ లోపం ఆయనదా, ఆయనను అంతగా వాడుకొని ఆయన వెనుక ఎవరినీ తయారుచేయని పెద్దలదా? తప్పు పెద్దలదే ఎక్కువ అని మా అభిప్రాయం. క్యాన్సరుతో బాధపడుతూ జకార్తా వెళ్ళిన మనిషిని వారసుని ఎందుకు తయారుచేయలేదని నిలదీయడం న్యాయం కాదు. కాని ఇందులో మన సంఘాలకు ఒక హెచ్చరిక ఉన్నది. మనలో కూడా సంధ్యా తరగతులు నడిపేవారు, నాటకం వేయించేవారు, ఉగాది జరిపించేవారు ఎప్పుడూ ఒకరిద్దరే. ఆ ఒకరిద్దరు కన్నుమూస్తే తరగతి మూతపడుతుంది. మేము తెలుగు నేర్చుకున్నది అటువంటి ఒక సంధ్యా తరగతిలోనే. చెప్పిన పంతులుగారు పోయిన తరువాత ఆ తరగతి మళ్ళీ జరగలేదు. సమర్థుడు దొరికాడని సంతోషించడంతో సరిపెట్టకుండా, అతని పక్కన ఇద్దరు యువకులను నిలబెట్టడం సంఘం పని.

ఆయన మనవారేనా?

ఇక మొదట వదలిన ప్రశ్నకు వద్దాము. ఉర్దూ మాట్లాడిన రహీం గారిని మనవారని చెప్పుకోవచ్చునా?

ఆయన జట్టును చూడండి. అందులో ముస్లిములు, హిందువులు, క్రైస్తవులు ఉన్నారు. ఇంటిలో ఉర్దూ మాట్లాడేవారు, తెలుగు మాట్లాడేవారు, బలరాం గారి వలె తమిళ కుటుంబాలవారు ఉన్నారు. 1956 నవంబరు 1వ తేదీన తెలుగు ప్రాంతాలు ఒక్క రాష్ట్రమైన తరువాత, హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం, ఆంధ్ర ఫుట్‌బాల్ సంఘం కలిసిపోయినప్పుడు ఆ కొత్త సంఘానికి కూడా రహీం గారే కార్యదర్శిగా పనిచేశారు. ఆ రాష్ట్రం 2014లో మళ్ళీ రెండయింది. అయినా ఆయన పేరు పంచుకోవడానికి ఎవరికీ తగవు ఉండనక్కరలేదు.

మలేషియాలో మన పిల్లలు బడిలో మలయ్ చదువుతారు, బజారులో ఇంగ్లీషు మాట్లాడతారు, పక్కింటి తమిళ పిల్లలతో తమిళం మాట్లాడతారు, అవ్వాతాతలతో తెలుగు మాట్లాడతారు. అయినా వారిని తెలుగువారు కారని మనం అనము. అలాగే తెలుగు నేలమీద పుట్టి, ఆ నేల పిల్లలకు చదువు చెప్పి, ఆ నేల పేరు ఒలింపిక్స్ దాకా తీసుకుపోయిన మనిషిని ఇంటి భాష చూసి దూరం పెట్టడం మనకు తగదు. భాష మీద ప్రేమ ఉండాలి. ఆ ప్రేమ మన ఇంటికి తలుపు కావాలి కాని కంచె కాకూడదు.

బడిపంతులు జీతం మీద బ్రతికి, ధనం కూడబెట్టక, శిష్యులలో తన విద్యను వదలి వెళ్ళిన మనిషి రహీం గారు. ఆయన శిష్యులలో పి.కె. బెనర్జీ వంటివారు తరువాత తామే కోచ్‌లై కొత్త తరాలకు ఆట నేర్పారు. గురువు పేరు మరచినా గురువు చెప్పిన పాఠం అలా చేతులు మారుతూ నడిచింది.

ఈ ఉత్సవంలో మన యువకుల ఫుట్‌బాల్ పోటీలు కూడా జరుగుతున్నాయి. నిర్వాహకులకు మాదొక చిన్న మనవి. పన్నెండేళ్ళలోపు పిల్లలకు ఒక్క ఆటైనా రహీం గారి పద్ధతిలో పెట్టండి. బంతిని ఎవరూ దాచుకోకూడదు, అందరికీ అందాలి. గెలిచిన జట్టుకు బహుమతి ఇచ్చేటప్పుడు హైదరాబాదులో ఒకప్పుడు ఇలాంటి బడిపంతులు ఉండేవారని పిల్లలకు ఒక్క మాట చెప్పండి. దివంగత సయ్యద్ అబ్దుల్ రహీం గారికి మన సంఘం ఇవ్వగల నివాళి అదే.